ఎవరి గడ్డ, ఎవరి చట్టం? చైనా రేవుల్లో విదేశీ కంపెనీల నూరేళ్ళు

1

పరాయి దేశంలో వ్యాపారం పెట్టదలచిన కంపెనీకి సరుకు, ధర, గిరాకీ ఎంత ముఖ్యమో, ఇంకొక విషయం అంతకంటె ముఖ్యం. రేపు తగాదా వస్తే తీర్పు చెప్పేదెవరు? ఏ దేశపు చట్టం ప్రకారం చెబుతారు? బాకీ ఎగ్గొడితే ఏ కోర్టుకు వెళ్ళాలి? కంపెనీ మనిషి ఆ దేశస్థుణ్ణి చంపితే ఎవరు విచారించాలి? ఇవన్నీ పైకి ప్లీడర్ల ప్రశ్నల్లా కనిపిస్తాయి. సాహిత్య పత్రికలో వీటి ప్రస్తావన ఎందుకని ఎవరైనా అడగవచ్చు.

చట్టం కూడా ఒక రచనే. దానికీ ఒక రచయిత వుంటాడు, ఒక ఉద్దేశం వుంటుంది, ఒక వర్గ ప్రయోజనం వుంటుంది. నవలలో ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరి గొంతు అణగిపోయింది అని వెతికే విమర్శకుడు ఒప్పందంలోని నిబంధనను కూడా ఆ చూపుతోనే చదవగలగాలి. పైగా మన వ్యాసాల్లో తరచు కనిపించే 'దళారీ బూర్జువా' అన్న మాటకు మూలం చైనా రేవుల్లోనే వుంది. 'కాంప్రడార్' పోర్చుగీసు మాట. కొనేవాడని దాని అర్థం. మకావ్, కాంటన్ రేవుల్లో విదేశీ కంపెనీలకు సరుకు కొనిపెట్టే చైనా ఏజెంటును అలా పిలిచేవారు. ఆ మాటను వాడడం తేలిక. ఆ దళారీని పెంచి పోషించిన చట్టవ్యవస్థ ఎలాంటిదో తెలుసుకోవడమే మన పని. 1843 నుంచి 1943 వరకు, దాదాపు నూరేళ్ళు, చైనా గడ్డ మీద విదేశీ కంపెనీలకు చైనా చట్టం వర్తించలేదు. అది ఎలా సాధ్యమైంది?

2

కథ నల్లమందుతో మొదలవుతుంది. 1729లోనే చైనా చక్రవర్తి నల్లమందు అమ్మకాన్ని నిషేధించాడు. ఆ నల్లమందు పండింది మన దేశంలో. బీహారు, కాశీ ప్రాంతాల రైతుల చేత గసగసాలు పండించి, సరుకు తయారుచేసి, కలకత్తాలో వేలం వేసింది ఈస్టిండియా కంపెనీ. అయితే తన ఓడల్లో మాత్రం దాన్ని చైనాకు పంపలేదు. వేలంలో కొన్న ప్రైవేటు వర్తకులు దాన్ని దొంగచాటుగా చేరవేశారు. కాంటన్‌లో తేయాకు కొనుక్కునే కంపెనీ కాగితాల ప్రకారం నిర్దోషి. లాభం తనది, నేరం ఇతరులది. చట్టాన్ని అతిక్రమించకుండానే దాన్ని వమ్ము చేయడమెలాగో ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

1839లో లిన్ జెషు అనే అధికారి కాంటన్‌కు వచ్చాడు. అతన్ని మొండి సనాతనుడిగా చిత్రించే పాశ్చాత్య రచనలు చాలా వున్నాయి. కాని లిన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి, స్విస్ న్యాయశాస్త్రవేత్త వాటెల్ రాసిన అంతర్జాతీయ న్యాయగ్రంథంలోని భాగాలను పీటర్ పార్కర్ అనే అమెరికన్ మిషనరీ డాక్టరు చేత చైనా భాషలోకి అనువాదం చేయించుకోవడం. ఏ దేశానికైనా తనకు వద్దనుకున్న విదేశీ సరుకును నిషేధించే హక్కు వుందని ఆ గ్రంథం చెబుతోంది. అంటే యూరప్ తన పుస్తకంలో రాసుకున్న న్యాయాన్నే లిన్ యూరప్ వర్తకుల ముందు పెట్టాడు.

ఆ తరువాత జరిగినది గమనించదగ్గది. లిన్ ఒత్తిడికి బ్రిటిష్ ప్రతినిధి చార్లెస్ ఇలియట్ లొంగి, వర్తకుల దగ్గరున్న 20,283 పెట్టెల నల్లమందును అప్పగింపజేశాడు. కాని అప్పగించమన్నది బ్రిటిష్ ప్రభుత్వం పేరిట. నష్టపరిహారం ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చాడు. ఆ ఒక్క మాటతో దొంగసరుకు ప్రభుత్వ ఆస్తిగా మారిపోయింది. జూన్‌లో లిన్ దాన్ని హూమెన్ దగ్గర ధ్వంసం చేయించినప్పుడు అది ఒక దేశం తన చట్టాన్ని అమలుచేయడంగా కాక, ఇంకొక దేశపు ఆస్తికి జరిగిన నష్టంగా లెక్కకు వచ్చింది. స్మగ్లర్ల నష్టం జాతి పరువు సమస్య అయింది.

నల్లమందు తేబోమని, తెస్తే చైనా చట్టం విధించే శిక్షకు లోబడతామని రాసిచ్చిన ఓడలు రేవులోకి రావచ్చునని లిన్ ప్రకటించాడు. రాసివ్వవద్దని ఇలియట్ ఆజ్ఞాపించాడు. అయినా 'టామస్ కూట్స్' అనే ఇంగ్లీషు ఓడ రాసిచ్చి, సరుకు దింపుకుంది. నవంబరులో 'రాయల్ సాక్సన్' అనే మరో ఇంగ్లీషు ఓడ కూడా రాసిచ్చి రేవులోకి పోబోతుంటే, అడ్డుకోవడానికి ఫిరంగి పేల్చింది బ్రిటిష్ నౌకాదళమే! కాపాడడానికి అడ్డువచ్చిన చైనా నావల మీద జరిగిన దాడితో చువెన్‌పీ యుద్ధం మొదలైంది. చైనా చట్టానికి లోబడి వ్యాపారం చేయడం అసాధ్యమన్న వాదన ఎంత నిజమో ఆ ఓడలే చెబుతాయి. అది అసాధ్యం కాదు. సాధ్యమని రుజువు కావడమే ప్రమాదమైంది.

చైనా చట్టం ఆటవికమని, ఇంగ్లీషువాణ్ణి దానికి అప్పగించలేమని ఒక వాదం వుండేది. 1784లో 'లేడీ హ్యూస్' ఓడ నుంచి పేల్చిన వందన ఫిరంగి వల్ల ఇద్దరు చైనావాళ్ళు చనిపోగా, దాన్ని పేల్చిన మనిషికి కాంటన్‌లో మరణశిక్ష పడింది. ఆ సంఘటనను దశాబ్దాల తరబడి వల్లించారు. చైనా శిక్షలు కఠినమైనవే. సందేహం లేదు. కాని ఆ రోజుల్లో ఇంగ్లండులో ఉరిశిక్ష పడే నేరాలు రెండు వందలకు పైగా వుండేవి. చిల్లర దొంగతనాలకు కూడా ఉరి వేసిన దేశం చైనా శిక్షల్లోని క్రూరత్వాన్ని గురించి మాట్లాడింది.

పార్లమెంటులో ఈ యుద్ధాన్ని ఖండించే తీర్మానం 1840 ఏప్రిల్‌లో తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది. యుద్ధం నడిచింది. పోరాడిన సైన్యంలో మన మద్రాసు పటాలాలు కూడా వున్నాయి. 1841 మే నెలాఖరులో కాంటన్ పక్కన సాన్‌యువాన్‌లీ గ్రామం దగ్గర రైతులు గుమిగూడి ఎదురుతిరిగారు. కుండపోత వానలో తుపాకులు పేలక వాళ్ళ మధ్య చిక్కుకుపోయింది 37వ మద్రాసు పటాలానికి చెందిన సిపాయిల దళమే. తెలుగువాళ్ళు, తమిళులు ఎందరో పొట్టకూటికి చేరిన సైన్యమది. బీహారు రైతు పండించిన విషాన్ని కాంటన్ రైతు మీద రుద్దడానికి దక్షిణాది రైతుబిడ్డ తుపాకీ మోశాడు. సామ్రాజ్యవాదం ముగ్గురు రైతులను ఒకేచోట కలిపింది. ఒకరికొకరిని శత్రువులుగా నిలబెట్టి కలిపింది.

3

1842 ఆగస్టు 29న నాన్‌కింగ్ ఒప్పందం జరిగింది. హాంకాంగ్ బ్రిటన్‌కు పోయింది. కాంటన్, అమాయ్, ఫూచౌ, నింగ్‌పో, షాంఘై రేవులు తెరుచుకున్నాయి. చైనా 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లించాలి. అందులో 60 లక్షలు ధ్వంసమైన నల్లమందు ఖరీదు! యుద్ధానికి కారణమైన సరుకు ధర చైనా చేత కట్టించిన ఈ ఒప్పందం, ముందుముందు ఆ వ్యాపారం నడవాలా వద్దా అన్న విషయం మీద మాత్రం మౌనం వహించింది.

అయితే భూమి కంటె, డబ్బు కంటె ఎక్కువకాలం బాధించినవి మరి మూడు నిబంధనలు.

మొదటిది రాజ్యక్షేత్రాతీత హక్కు. మాట కొరుకుడు పడనిదేగాని అర్థం సులువు: విదేశీయుడు చైనాలో నేరం చేసినా, బాకీ పడినా, అతని దేశపు చట్టం ప్రకారం అతని దేశపు అధికారే విచారిస్తాడు. 1843 అక్టోబరు నాటి బోగ్ ఒప్పందంలో ఇది ప్రవేశించింది. 1844 జూలైలో అమెరికా ప్రతినిధి కేలెబ్ కుషింగ్ వాంగ్షియా గ్రామంలో కుదుర్చుకున్న ఒప్పందం దీన్ని వివరంగా, పకడ్బందీగా రాసిపెట్టింది. ఫిరంగులు కాల్చినది బ్రిటన్. ప్లీడరు పని పూర్తిచేసినది అమెరికా.

రెండవది సుంకం. దిగుమతుల మీద దాదాపు నూటికి అయిదు చొప్పున పన్ను నిర్ణయమైంది. తన రేవులో తన పన్నును పెంచుకునే స్వాతంత్ర్యం చైనాకు 1928-30 మధ్యగాని తిరిగి రాలేదు. తన పరిశ్రమను కాపాడుకోవడానికి అమెరికా ఎత్తయిన సుంకాల గోడలు కట్టుకున్న కాలంలోనే చైనాకు గోడ కట్టే హక్కు లేకపోయింది. సుంకాల శాఖ కూడా విదేశీయుల అజమాయిషీలోకి పోయింది. 1863 నుంచి 1911 దాకా దానికి అధిపతి రాబర్ట్ హార్ట్.

మూడవది 'అత్యంత అనుకూల దేశం' నిబంధన. చైనా ఏ దేశానికి ఏ కొత్త సౌకర్యం ఇచ్చినా అది తక్కినవారందరికీ దానంతటదే దక్కుతుంది. ఒకడు యుద్ధం చేసి గుంజుకుంటే యుద్ధం చేయనివాడికి కూడా వాటా వస్తుంది. 1895లో షిమొనొసెకి ఒప్పందం ద్వారా రేవుల్లో ఫ్యాక్టరీలు పెట్టుకునే హక్కును సాధించింది జపాన్, అనుభవించింది అందరూ.

చైనా మంత్రులు ఇంత ప్రమాదాన్ని ఎందుకు పసిగట్టలేదు? దానికి చారిత్రక కారణం వుంది. థాంగ్ వంశ కాలపు ధర్మశాస్త్రంలోనే ఒకే దేశానికి చెందిన విదేశీయుల మధ్య తగాదాలు వాళ్ళ ఆచారం ప్రకారం తీర్చవచ్చునని వుంది. పరాయివాళ్ళ గొడవలు పరాయివాళ్ళే చూసుకోనీ అన్నది పాత రాజుల ధోరణి. కాని అరబ్బు వర్తకుడికి ఇచ్చిన ఆ వెసులుబాటు రాజు ఇచ్చినది, రాజు తీసుకోగలిగినది. ఫిరంగి వెనక నిలబడి రాయించుకున్న హక్కు అటువంటిది కాదు. పాత సీసాలో పోసినది కొత్త విషమని ఫ్యూడల్ పాలకవర్గం గ్రహించేసరికి రెండు తరాలు గడిచిపోయాయి.

4

ఈ ఏర్పాటు ఆచరణలో ఎలా నడిచిందో చూద్దాం.

'దావా వేసేవాడు ప్రతివాది కోర్టుకే వెళ్ళాలి' అన్నది సూత్రం. చెవికి ఎంతో న్యాయంగా వినిపిస్తుంది. షాంఘైలోని చైనా వర్తకుడికి ఒక బ్రిటిష్ కంపెనీ బాకీ పడిందనుకుందాం. 1865లో బ్రిటన్ షాంఘైలోనే తన సుప్రీం కోర్టును స్థాపించింది. ఆ వర్తకుడు సొంత ఊళ్ళో పరాయి రాణి కోర్టుకు వెళ్ళి, రాని భాషలో, తెలియని చట్టం కింద వాదించుకోవాలి. ఓడితే చివరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు! కంపెనీయే దావా వేస్తే, దాని మీద వర్తకుడు ఎదురు దావా వేయడానికి వీలులేదు. వాదిగా వచ్చిన కంపెనీ మీద ఆ కోర్టుకు అధికారం లేదు గనక. ప్రతివాదులు ముగ్గురు మూడు దేశాలవాళ్ళయితే మూడు కోర్టుల్లో మూడు దావాలు. 1906లో అమెరికా కూడా చైనా కోసం ఒక ప్రత్యేక న్యాయస్థానం పెట్టుకుంది. హాంకాంగ్‌లో బ్రిటిష్ చట్టం కింద రిజిస్టరయిన కంపెనీలు షాంఘైలో వ్యాపారం చేశాయి. చైనా గాలి, చైనా కూలి, చైనా మార్కెట్టు, ఇంగ్లీషు చట్టం!

ఇటువంటి చోట చైనా ధనికుడు ఏం చేస్తాడు? తానూ ఆ గొడుగు కిందికే చేరతాడు. లోపలి ప్రాంతాల్లో అడుగడుగునా చైనా అధికారులు వసూలు చేసే లీజిన్ పన్ను వుండేది. విదేశీ సరుకు మాత్రం ఒకేసారి రెండున్నర శాతం చెల్లించి పాసు తీసుకుంటే చాలు. చైనా వర్తకులు విదేశీయుడికి డబ్బిచ్చి, అతని పేరున పాసు కొని, తమ సరుకును విదేశీ సరుకుగా నడిపించుకున్నారు. పేరును అద్దెకివ్వడమే ఒక వ్యాపారమైంది. దళారీ అన్నవాడు దేశద్రోహ బుద్ధితో పుట్టలేదు. స్వదేశీయుడిగా వుండడం నష్టం, విదేశీ నీడలో వుండడం లాభం అని నిర్ణయించిన చట్టం అతన్ని తయారుచేసింది. వ్యక్తుల నీతిని గురించి ఆక్రోశించే రచయితలు ఈ సంగతిని మరిచిపోకూడదు.

ఈ పేరు అద్దె వ్యవహారమే రెండవ నల్లమందు యుద్ధానికి సాకు అయింది. 'యారో' అనే ఓడ ఒక చైనావాడిది. కాని హాంకాంగ్‌లో రిజిస్టరయింది. 1856 అక్టోబరు 8న చైనా అధికారులు సముద్రపు దొంగల కోసం వెతుకుతూ అందులోని నావికులను పట్టుకున్నారు. బ్రిటిష్ జెండాకు అవమానం జరిగిందని కాన్సల్ హారీ పార్క్స్ గొడవ లేపాడు. నిజానికి ఆ ఓడ రిజిస్ట్రేషన్ గడువు కొద్దిరోజుల ముందే తీరిపోయింది. ఆ సంగతి హాంకాంగ్ గవర్నరు బౌరింగ్‌కు తెలుసు. తెలిసి కూడా కాంటన్ మీద ఫిరంగులు పేలాయి. 1857 మార్చిలో బ్రిటిష్ దిగువ సభ 263-247 ఓట్లతో ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ప్రధాని పామర్‌స్టన్ సభను రద్దుచేసి, ఎన్నికలకు వెళ్ళి, గెలిచి, యుద్ధం సాగించాడు. కాంటన్‌ను ఏలిన యే మింగ్‌చెన్‌ను పట్టుకుని కలకత్తాకు తరలించారు. 1859లో అక్కడే చనిపోయాడు. గడువు తీరిన ఒక కాగితం కోసం ఒక నగరం తగలబడింది. 1858లో నల్లమందు మీద సుంకం నిర్ణయించారు. అంటే అది చట్టబద్ధమైంది.

5

రచయితల సంగతికి వద్దాం. షాంఘై విదేశీ సెటిల్‌మెంటు చైనా రచయితలకు ఆశ్రయమూ అయింది, ఉచ్చు కూడా అయింది. ఈ వైరుధ్యాన్ని దాటవేస్తే చరిత్రకు న్యాయం చేసినవాళ్ళం కాము.

1903లో 'సుబావో' పత్రిక మంచూ ప్రభుత్వం మీద నిప్పులు చెరిగింది. అందులో రాసిన జాంగ్ బింగ్‌లిన్, 'విప్లవ సైన్యం' అనే కరపత్రం రాసిన జౌ రోంగ్ అరెస్టయ్యారు. తమకు అప్పగించమని చక్రవర్తి ప్రభుత్వం అడిగింది. ఆ వేసవిలోనే షెన్ జిన్ అనే పత్రికా రచయితను బీజింగ్‌లో కొట్టి చంపారు. అప్పగిస్తే వీళ్ళ గతీ అంతే. విదేశీ కాన్సళ్ళు ఒప్పుకోలేదు. సెటిల్‌మెంటులోని మిశ్రమ న్యాయస్థానంలో విచారణ జరిగింది. తన సొంత నేల మీద తన పౌరుడి మీద నేరం మోపడానికి చైనా ప్రభుత్వం విదేశీ ప్లీడర్లను పెట్టుకోవలసి వచ్చింది! 1904లో జాంగ్‌కు మూడేళ్ళు, జౌ రోంగ్‌కు రెండేళ్ళు శిక్ష పడింది. ఇరవయ్యో ఏట 1905లో జౌ రోంగ్ జైల్లోనే కన్నుమూశాడు. పరాయి చట్టం అతన్ని తల నరికించుకోకుండా కాపాడి, జైల్లో చావనిచ్చింది.

విదేశీ చట్టంలో కొంత ఔదార్యం వుందనుకునేవారికి 1925 మే 30 సమాధానం చెబుతుంది. మే 15న షాంఘైలోని జపాన్ నూలుమిల్లులో గూ జెంగ్‌హోంగ్ అనే కార్మికుణ్ణి జపాన్ వాళ్ళు కాల్చి చంపారు. చంపినవాళ్ళను విచారించే అధికారం చైనా న్యాయస్థానాలకు లేదు. నిరసన తెలిపిన విద్యార్థులను మాత్రం పట్టుకున్నారు. వాళ్ళను విడిచిపెట్టమని మే 30న నాన్‌కింగ్ రోడ్డులో జనం గుమిగూడితే ఇన్‌స్పెక్టర్ ఎవర్సన్ కాల్పులకు ఆజ్ఞ ఇచ్చాడు. కాల్చిన పోలీసుల్లో మన దేశపు సిక్కులు కూడా వున్నారు. పది మందికి పైగా చనిపోయారు. హాంకాంగ్, కాంటన్‌లలో పదహారు నెలలు సాగిన సమ్మె ఆ నెత్తుటి నుంచే లేచింది. దాదాపు పది లక్షల మంది చైనావాళ్ళుండే ఆ సెటిల్‌మెంటు పాలకమండలిలో 1928 దాకా ఒక్క చైనా సభ్యుడు కూడా లేడు.

1931 జనవరి 17న వామపక్ష రచయితల సంఘానికి చెందిన రౌ షి, హూ యెపిన్, యిన్ ఫు, ఫెంగ్ కెంగ్, లీ వీసెన్ అరెస్టయ్యారు. పట్టుకున్నది సెటిల్‌మెంటు పోలీసులే. ఈసారి కాన్సళ్ళు అడ్డుపడలేదు. వాళ్ళను కొమింటాంగ్ ప్రభుత్వానికి అప్పగించారు. ఫిబ్రవరి 7న లుంగ్‌హువాలో మరికొందరు విప్లవకారులతో పాటు ఆ అయిదుగురినీ కాల్చి చంపారు. 1903లో ఆగిన అప్పగింత 1931లో ఎందుకు ఆగలేదు? మంచూ రాజును తిట్టిన రచయిత కంపెనీలకు శత్రువు కాడు. ఫ్యాక్టరీ కార్మికుడి పక్షాన రాసిన రచయిత శత్రువు. చట్టంలో అక్షరాలు మారాయి. దానికి ఎదురు నిలిచినవాడూ మారాడు.

తన యువ మిత్రుల మరణాన్ని తలచుకుంటూ లూసున్ రాసిన వ్యాసం ప్రపంచమెరిగినదే. ఆయన చివరి సంపుటాల్లో ఒకదాని పేరులో చిన్న చమత్కారం వుంది. 'విదేశీ సెటిల్‌మెంటు' అనే అర్థం ఇచ్చే రెండు చైనా అక్షరాలను సగానికి విరిచి, చెరొక సగాన్ని తీసుకుని ఆయన ఆ పేరు కూర్చాడు. తానున్న ఇల్లు సగం పరాయి అధికారంలో వున్న వీధిలో వుంది గనక అక్షరాలూ సగమే మిగిలాయి. అర్ధవలస అంటే ఏమిటో వివరించడానికి మనం పేజీలు రాస్తాం. ఆయనకు రెండు సగం అక్షరాలు సరిపోయాయి.

6

ఈ ప్రత్యేక హక్కులు లేకపోతే విదేశీ వ్యాపారం కూలిపోతుందని నూరేళ్ళూ చెబుతూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాటిని పోగొట్టుకుంది. 1921లో చైనాతో సమాన ఒప్పందం చేసుకుని, చైనా చట్టానికి లోబడింది. జర్మన్ వ్యాపారం కూలిపోలేదు. ఆ దశాబ్దంలోనే మళ్ళీ పుంజుకుంది. సోవియట్ రష్యా 1924లో తన హక్కులను వదులుకుంది. బ్రిటన్, అమెరికా మాత్రం 1943 జనవరి 11 దాకా ఆగాయి. అప్పటికి షాంఘై జపాన్ సైన్యం చేతిలో వుంది. చేజారిన దానిని ఉదారంగా వదులుకున్నారు!

1979లో చైనా విదేశీ పెట్టుబడిని మళ్ళీ పిలిచింది. ఈసారి షరతులు తాను రాసింది. చైనాలో అమలు జరిగే జాయింట్ వెంచర్లకు చైనా చట్టమే వర్తిస్తుందని 1985లో శాసించింది. ఒకప్పుడు ఆటవిక చట్టమన్న దేశాల కంపెనీలే ఆ చట్టం కింద సంతకాలు చేసి వరసకట్టాయి. అయితే సొంత చట్టం వుంటే చాలునా? 2010లో షెంజెన్‌లోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో యువ కార్మికులు వరసగా భవనాల మీది నుంచి దూకి చనిపోయారు. అక్కడ నడిచింది చైనా చట్టమే. చట్టం ఏ దేశానిది అన్న ప్రశ్న వెనకనే ఏ వర్గానిది అన్న ప్రశ్న నిలబడి వుంటుంది. మొదటి దానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తీరిపోదు.

మన సంగతి చూడండి. 1984 డిసెంబరులో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం విషవాయువు వేల ప్రాణాలు తీసింది. భారత ప్రభుత్వం న్యూయార్కు కోర్టులో దావా వేసింది. అప్పుడు ఆ అమెరికన్ కంపెనీ ఏమని వాదించింది? ఇది భారతదేశపు కోర్టుల్లోనే తేలాలి, ఆ కోర్టులు అన్ని విధాలా సమర్థమైనవి అని! 1986 మేలో న్యాయమూర్తి కీనన్ ఆ వాదాన్ని అంగీకరించాడు. 1989లో 47 కోట్ల డాలర్లతో వ్యవహారం ముగించారు. నూరేళ్ళ క్రితం తూర్పు దేశాల కోర్టులను నమ్మలేమన్న గొంతే ఇప్పుడు వాటిని పొగిడింది. పరిహారం ఇవ్వవలసి వచ్చినప్పుడు స్థానిక చట్టం ముద్దు. పరిహారం రాబట్టవలసి వచ్చినప్పుడు అదే చట్టం చేదు.

ఆ రెండవ పక్షాన్ని కూడా చూశాం. బొగ్గు గని ఒప్పందం తగాదాలో మన కోర్టులు ఆలస్యం చేశాయని వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు వెళ్ళి 2011లో గెలిచింది. భారత ప్రభుత్వం దాదాపు 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించాలని తీర్పు. ఆస్ట్రేలియాతో మన ఒప్పందంలో ఆ హామీ లేదు. కువైట్‌తో చేసుకున్న ఒప్పందంలో వుంది. ఆ హామీ ఆస్ట్రేలియా కంపెనీకి ఎలా దక్కింది? అత్యంత అనుకూల దేశం నిబంధన ద్వారా! 1843లో బోగ్‌లో రాసిన వాక్యం 2011లో న్యూఢిల్లీని పట్టుకుంది. ఆ తరువాతనే భారతదేశం 2016 నుంచి యాభైకి పైగా దేశాలతో పాత ఒప్పందాలను రద్దుచేసుకుంది. మన కోర్టుల్లో ఆలస్యం నిజమే. అదే గుమ్మంలో తరతరాలుగా ఎదురుచూస్తున్న కౌలురైతుకు, కార్మికుడికి మాత్రం వెళ్ళడానికి వేరే ట్రిబ్యునల్ లేదు. అసమానత అంటే అదీ.

పరదేశంతో వ్యాపారం కూడదని ఈ చరిత్ర చెప్పడంలేదు. చైనా చట్టానికి తలవంచి రేవులోకి వెళ్ళిన 'టామస్ కూట్స్' కూడా ఈ చరిత్రలోనే వుంది. ఏ నిబంధన ఎవరి కోసం రాశారో చదవకుండా సంతకం చేయవద్దని మాత్రమే ఇది చెబుతోంది. ఆ చదువు ప్లీడర్లకే వదిలిపెడితే ఫీజు ఇవ్వగలిగినవాడి పక్షానే అర్థం తేలుతుంది. ఒప్పందాల భాషను జనం భాషలోకి తేవడం రచయితల పని కూడా.